ఎర్రగుంట్ల పేరయ్య: క్లౌ దొర కంటే ముందు నడిచినవాడు

పడమటి ప్రకాశం మాదిగల క్రైస్తవం గురించి ఎక్కడ చదివినా కథ జాన్ క్లౌతో మొదలవుతుంది. మేము పేరయ్యతో మొదలుపెడతాం. 1866 సెప్టెంబరులో క్లౌ ఒంగోలు చేరేనాటికే పేరయ్య, ఆయన భార్య నాగమ్మ లైమన్ జ్యూవెట్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందారు.

ఒంగోలుకు పడమర దాదాపు 40 మైళ్ల దూరాన ఉన్న తాళ్లకొండపాడు ఆయన ఊరు. తోళ్ల వ్యాపారం వృత్తి. అప్పటికే ఆయన రాజయోగ గురువు, శిష్యులున్నవాడు. ఆ యోగం నేర్పింది వీరమ్మ అనే స్త్రీ. తోళ్ల బేరానికి ఏలూరు వెళ్లినప్పుడు మిషనరీ అలెగ్జాండర్ దగ్గర ఏసు మాట విన్నాడు. మిషను ఆయన్ని వెతికి పట్టుకోలేదు, ఆయనే మిషనును వెతుక్కుంటూ వెళ్లాడు. ఈ తేడా మాకు చిన్నది కాదు.

1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వచ్చాడు. చుట్టుపక్కల పల్లెల జనం తిండి మూటలతో వచ్చి చింతతోపులో ఐదు రోజులు ఉన్నారు. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం, ఆదివారం పనిచెయ్యం అన్నవి వాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లు. జాతరకు డప్పు కొట్టడమూ మానేశారు. ఊరికి మండింది అక్కడే. దెబ్బలు, దొంగ కేసులు, కూలి ఎగవేత మొదలయ్యాయి.

ఆ కాలంలోనే అమెరికాలో షేకర్లనే భక్తులు సొంత ఆస్తి వదులుకుని, పెళ్లి మానుకుని, ఆడా మగా సమానంగా పెద్దరికం చేస్తూ వేరే ఊళ్లు కట్టుకుని బతికారు. వాళ్లకు కొనుక్కోవడానికి భూమి దొరికింది. మాదిగపల్లెను ఊరు ముందే వెలివేసింది, కానీ దాని చాకిరీని మాత్రం వదల్లేదు. కాబట్టి పేరయ్య మనుషులు ఎక్కడికీ పోకుండా, ఉన్నచోటే ఒక్కమాట మీద నిలబడి కాదన్నారు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మాదిగ బోధకులే మేస్త్రీలయ్యారు. కూటికోసం మతం మారారనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి: కరువు పని నడిచినన్నాళ్లూ, పదిహేను నెలలు, క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని అయిపోయి, ఇచ్చేందుకు ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది దిగారు. నల్లమలలో పుట్టి కంభం, మార్కాపురం దిక్కునుంచి వచ్చే ఏరే అది. కంభంలో, మార్కాపురంలో మిషను స్టేషన్లు ఆ తర్వాతే వెలిశాయి.