గిడుగు రామమూర్తి పంతులు: లిపి, పదవిభాగం, పఠనసౌకర్యం

వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి కీర్తి సర్వవిదితం. అయితే వాదప్రతివాదాల సంరంభంలో ఆయన కృషిలోని ఒక పార్శ్వం మరుగునపడింది. పుటపై అక్షరం, పదం, వాక్యం చదువరి కంటికి ఎట్లా అందాలన్న విచారం ఆయన వెంట చివరివరకు నడిచింది. ఆ దృష్టితో ఆయన చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్ర సమీపాన పర్వతాలపేటలో జన్మించారు. 1875లో పితృవియోగం కలిగిన పిమ్మట విజయనగరంలో మేనమామగారింట ఉండి మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చదివారు. గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. ముఖలింగాలయ శాసనాల లిపిని స్వయంకృషితో నేర్చి చదివారు. శాసనాలలోగాని తాళపత్రాలలోగాని పదానికీ పదానికీ నడుమ ఎడం ఉండదు. విడదీసుకొనే భారం చదువరిదే. ఆ శ్రమ పండితునికి విద్య, పసివానికి శిక్ష.

ఆ పసివారు ఆయనకు సవరపల్లెలలో ఎదురైనారు. సవరభాష నేర్చి, తెలుగు లిపిలో వాచకాలు వ్రాసి, సొంత వ్యయంతో బడులు నడిపారు. కాని ఆ భాషలో కంఠబిలాన్ని క్షణకాలం మూసి పలికే ధ్వని ఉన్నది. దానికి మన వర్ణమాలలో గుర్తు లేదు. పాశ్చాత్య ధ్వనిశాస్త్రాన్ని పరిశీలించి, 1931లో వెలువడిన సవర వ్యాకరణగ్రంథంలో రోమను అక్షరాలతో ధ్వన్యనుగుణమైన లేఖనాన్ని అనుసరించారు. గ్రంథనామంలోనే దీర్ఘస్వరాలు రెండు బిందువుల గుర్తుతో ముద్రితమైనవి. మన్యపు జ్వరాలకు వాడిన క్వినైను ఆయన వినికిడిని హరించింది. ధ్వనుల కొరకు ఇంత తపించినవారికి ఈ గతి పట్టడం కంటె దైవోపహతి వేరే లేదు.

తెలుగు వచనం సంగతి దీనికి భిన్నం కాదు. బాలవ్యాకరణానుసారంగా వ్రాసిన వచనంలో వాఁడు, పోయె అనే రెండు మాటలు వాఁడువోయె అవుతాయి. పకారం వకారమై క్రియ ఆదివర్ణమే మారిపోతుంది. ఉత్వసంధి నిత్యం కాబట్టి పదాల అంచులు చెరిగిపోతాయి. పద్యంలో ఛందస్సు దారి చూపుతుంది. వచనంలో బాలునికి ఆ ఆధారం సైతం ఉండదు. పూర్వుల వచనంలో ఈ నియమాలు ఏకరీతిగా పాటింపబడలేదని ఆయన గద్యచింతామణిలో ప్రయోగాలతో నిరూపించారు. ఆనాటి గ్రాంథికవాదులే తమ నియమాలు నిలుపుకోలేదని బాలకవిశరణ్యంలో చూపారు. ఎదుటివారి స్ఖాలిత్యాలను లెక్కించడంలో ఆయన కొంత మితిమీరారన్న మాట నిజమే. కాని ఆ ఉదాహరణలను త్రోసిపుచ్చడం ఎవరికీ సాధ్యం కాలేదు.

1911 నుండి పాఠశాలల వ్యాసరచనపై వివాదం చెలరేగింది. జయంతి రామయ్య పంతులుగారు, ఆంధ్రసాహిత్య పరిషత్తు ప్రతిపక్షమైనారు. ఆధునిక భాషకు లభించిన అనుమతి కొలదికాలంలోనే రద్దయింది. 1919లో తెలుగు అనే మాసపత్రికను స్థాపించారు. అది ఏడాదికి మించి సాగకున్నా, శాస్త్రచర్చను నిత్యవ్యవహార వాక్యంలో నడపవచ్చునని చూపింది.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమిచ్చింది. 1940 జనవరి 15న పత్రికాసంపాదకులను ఉద్దేశించి, వాడుకభాషలో వ్రాయవలసిందని తుది విన్నపం చేశారు. వారం తిరిగేసరికి, జనవరి 22న, కీర్తిశేషులైనారు.