రోల్ఫ్ లాండవర్ జీవితము

రోల్ఫ్ లాండవర్ 1927వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన జర్మనీదేశమందలి స్టుట్‌గార్టు పట్టణములో నొక సంపన్న యూదుకుటుంబమున జన్మించెను. అతని తండ్రి మొదటి ప్రపంచయుద్ధమున స్వదేశమునకు సేవచేసిన దేశభక్తుడు. నాజీల ప్రాబల్యము కొలదికాలములో నంతరించునని యాయన నమ్మెను. కాని 1935లో తానే గతించెను. తక్కిన కుటుంబము 1938లో జన్మభూమిని విడిచి న్యూయార్కు చేరెను.

బాలుడు పరభాషయందే చదువు సాగించి, 1945లో హార్వర్డు విశ్వవిద్యాలయ పట్టభద్రుడయ్యెను. కొంతకాలము అమెరికా నౌకాదళములో పనిచేసి, మరల హార్వర్డు చేరి 1950లో డాక్టరు పట్టము నందెను. 1952లో ఐ.బి.ఎమ్. సంస్థలో చేరి, జీవితములో పెద్దభాగ మచ్చటనే పరిశోధనలో గడపెను.

తీగె పొడవు పెరిగినకొలది విద్యుత్తునకు నిరోధము హెచ్చునని మనము పాఠములలో చదువుకొందుము. కాని యెలక్ట్రాను తరంగమువలె మెలగునంతటి సూక్ష్మమైన దారిలో నీ లెక్క చెల్లదు. అడ్డుపై బడిన తరంగములో నెంతభాగము దాటిపోవునో, యెంతభాగము వెనుదిరుగునో తెలిసినచో నిరోధము తెలియునని లాండవర్ 1957లో తన సంస్థ పత్రికయందు ప్రకటించెను. చాలకాలము దానిని గమనించినవారు మిక్కిలి యరుదు.

1980 తరువాత పండితులలో నొక వివాదము పుట్టెను: అడ్డేమియు లేని దారికి నిరోధముండునా? దారిలో లేకున్నను, దాని ప్రవేశమున నుండునని తుదకు తేలెను. విశాలమైన మైదానమునుండి జనము సన్నని ద్వారమున దూరునపుడు గలుగు నొత్తిడి యట్టిదే. 1988లో హాలెండునందును, ఇంగ్లండునందలి కేంబ్రిడ్జినందును శాస్త్రజ్ఞులు వేర్వేరుగా నిట్టి యిరుకుదారిని మిక్కిలి శీతలస్థితిలో పరీక్షించిరి. దారిని మెల్లమెల్లగా విశాలము చేయగా, విద్యుద్వాహకత నున్నగా పెరుగక, సమానమైన మెట్లుగా పెరిగెను. మొదటి మెట్టున నిరోధము సుమారు 12,906 ఓములు. లాండవర్ భావము నిజమని లోకమున కపుడు రూఢియయ్యెను.

గణనయంత్రము ఒక గుర్తును చెరిపివేయునపుడు కొంత వేడిని విడువక తప్పదనియు నాతడు 1961లో సూచించెను. 1999 ఏప్రిల్ 27న తన 72వ యేట పరమపదించెను. ఈ రెండవ సూచనకు ఫ్రాన్సుదేశపు లియోన్ నగరమున ప్రయోగముచే సాక్ష్యము దొరకినది 2012లో. అది చూచుట కాతడు లేడు.

విద్యార్థులారా! సత్యమునకు మెప్పు వెంటనే రాకపోవచ్చును. ముప్పదియేండ్లు వేచియున్న వ్యాసము తుదకు ప్రయోగశాలలో జయించినది. శ్రద్ధతో చేసిన పని వ్యర్థము కాదని యీ జీవితము మనకు బోధించుచున్నది.