మన్రో పట్టించిన గొలుసు

రాయలసీమ పల్లెల్లో ఒకప్పుడు మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. దొరల మీద తిరగబడ్డ సీమలోనే ఒక దొరకు ఇంత పేరు ఎలా వచ్చింది? ఆయన ప్రతి పొలానికీ గొలుసు పట్టించాడు, నంబరు వేయించాడు, సాగుదారు పేరు లెక్కలోకి ఎక్కించాడు. ఎవరి లాభం కోసం చేశాడన్నది కూడా చెప్పుకోవాలి.

థామస్ మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వర్తకుడు. అమెరికా యుద్ధంతో వ్యాపారం దెబ్బతిని ఇల్లు చితికింది. కొడుకు 1780లో కంపెనీ పటాలంలో చేరి మద్రాసులో దిగాడు. హైదరుతో, టిప్పుతో జరిగిన యుద్ధాల్లో పనిచేశాడు. 1792 నుంచి ఏడేళ్ళు సేలం వైపు బారామహల్‌లో రీడ్ అనే అధికారి కింద శిస్తు పని నేర్చుకున్నాడు.

1800లో నిజాం బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. ఇవే దత్తమండలాలు. మన్రో వీటికి ప్రధాన కలెక్టరు అయ్యాడు. ఎనభై మంది దాకా ఉన్న పాలెగాళ్ళను అణిచి, 1802లో సర్వే మొదలుపెట్టాడు.

గొలుసు పొడవు 33 అడుగులు. అంత పొడవు, అంత వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. నలభై గుంటలు ఒక ఎకరం. తెలంగాణ రైతు నేటికీ చెప్పే గుంట కొలత ఇదే. నలుగురు గుమాస్తాలతో మొదలైన పని నూరుమంది కొలతగాళ్ళ దాకా పెరిగింది. వాళ్ళకు మొదట నెలజీతం ఇచ్చి, తర్వాత ఎకరాకు ఇంతని కట్టారు. పైవాళ్ళు వచ్చి మళ్ళీ కొలిచేవారు. తేడా మితిమీరితే పని ఊడేది. మెట్టా మాగాణీ తోటా వేరుచేసి రాశారు. 1807లో మన్రో సెలవు మీద వెళ్ళేనాటికి కొలతా, శిస్తు నిర్ణయమూ ముగిశాయి.

కొలిచింది రైతు మీద ప్రేమతో కాదు, శిస్తు కోసం. పంటలో దాదాపు సగం గుంజే రేటు అది. నూటికి ఇరవై అయిదు తగ్గించమని మన్రోయే సిఫారసు చేశాడు. కంపెనీ వినలేదు, ఊళ్ళను గుత్తకిచ్చి రైతును ఇంకా పిండింది. ఆయన 1820లో గవర్నరుగా వచ్చిన రోజుల్లోగాని ఆ తగ్గింపు నిలబడలేదు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

మన్రో నాటి పైమాషీ లెక్కలు రాతలే, పటాలు కావు. రాయి జరిపినా, గట్టు పక్కనున్న పెద్ద రైతు ఏటా ఒక చాలు లోపలికి దున్నుకున్నా, తేల్చేది కరణం కలమే. 1858 నుంచి మద్రాసు ప్రభుత్వం మూలమూలకు రాళ్ళు పాతి, పటాలు గీసి కొత్త సర్వే చేసింది. 1923లో సర్వే హద్దుల చట్టం వచ్చింది. అక్కడినుంచి హద్దుకు రాయి ఒక్కటే దిక్కు కాదు. ఏ రాయికి ఏ రాయి ఎంత దూరమో కొలతల పుస్తకంలో ఉంటుంది. ఒక రాయి పీకేస్తే మిగతా రాళ్ళ నుంచి కొలిచి దాని చోటు మళ్ళీ పట్టుకోవచ్చు. రాయి పోయినంత మాత్రాన భూమి పోదు. అయితే కొలత జరిగే రోజు నోటీసు అందుకుని గట్టు మీద నిలబడాలి. తీర్మానమైన హద్దు ప్రకటించాక కోర్టు మార్చేదాకా అదే సాక్ష్యం.

మరి కూలివాడి సంగతి? గొలుసు మోసింది వాడు, రాయి పాతింది వాడు, నంబరు మాత్రం వాడికి రాలేదు. స్వాతంత్ర్యం వచ్చాక పేదలకు పంచిన బంజర్లలో చాలా చోట్ల చేతికి కాగితం ఇచ్చారే గాని, సబ్‌డివిజన్ చేసి హద్దు చూపలేదు. ఆ కాగితం పట్టుకుని పొలంలోకి పోతే పక్కవాడు ఇది నాదంటాడు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో డ్రోన్లతో మొదలైన రీసర్వేకైనా పరీక్ష ఇదే. ఆకాశం నుంచి తీసిన బొమ్మలో గట్టు కనబడుతుంది, ఆ గట్టు ఎవరు జరిపారో కనబడదు. అది చెప్పాల్సింది ఊరివాళ్ళు.

కంపెనీ తన ఖజానా కోసం సీమలో ప్రతి చేనూ కొలవగలిగింది. పేదవాడి ఎకరం కొలిచి, నాలుగు రాళ్ళు పాతి, పటంలో గీత గీసి ఇవ్వడం మన ప్రభుత్వాలకు చేతకాని పనేం కాదు. పట్టా అడిగేటప్పుడే హద్దు కూడా అడుగుదాం.