ఆక్స్‌ఫర్డు నుంచి కాకినాడ దాకా – హాల్డేన్ జీవితం

మన కాలేజీల్లో సైన్సు చదివే వాళ్ళకు ఒక అభిప్రాయం బాగా నాటుకుపోయి వుంది. పరిశోధన అంటే సీమలోనే జరగాలి, లక్షల ఖరీదు చేసే యంత్రాలుండాలి, మనం చేయగలిగిందల్లా అక్కడివాళ్ళు రాసింది ఇక్కడ బట్టీ పట్టడమే అని. (సీమ అంటే మన రాయలసీమ కాదు, దొరల సీమ.) ఇది తప్పని ఉపన్యాసాలిచ్చిన వాళ్ళు చాలామందే వున్నారు. ఉపన్యాసంతో సరిపెట్టక, అక్కడి పెద్ద ఉద్యోగం వదిలేసి, ఈ దేశం వచ్చి, ఇక్కడి కుర్రవాళ్ళతో కలిసి పనిచేసి చూపించినవాడు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. జీవపరిణామ సిద్ధాంతానికి గణితం పునాది వేసిన ముగ్గురిలో ఆయన ఒకడు. తక్కిన ఇద్దరు ఫిషర్, సీవాల్ రైట్. ఆయన కథ ఆక్స్‌ఫర్డులో మొదలై మన కాకినాడలో ముగిసిందన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

ఆయన పుట్టింది 1892 నవంబరు 5న. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను పరిశోధించిన మహా పండితుడు. బొగ్గు గనుల్లో విషవాయువుల మీద పనిచేసేవాడు. కొడుకును చిన్నప్పుడే గనిలోకి దించి, నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని ఉపన్యాసం ఒకటి అప్పజెప్పమన్నాడట. పైకప్పు దగ్గర మీథేన్ వాయువు పేరుకుని వుంది. కుర్రవాడు కాసేపటికి ఆయాసపడి కూలబడ్డాడు. నేల దగ్గర గాలి మంచిదే కాబట్టి తేరుకున్నాడు. మీథేన్ గాలి కన్నా తేలికని, పీలిస్తే చావు రాకపోవచ్చు గాని నిలబడనివ్వదని ఆ పిల్లవాడికి ఏ పుస్తకం అక్కర లేకుండానే తెలిసింది. తన ఒంటి మీదే ప్రయోగం చేసుకోవడం ఆ యింటి ఆచారం. కొడుక్కి అది జన్మంతా పోలేదు.

తర్వాత ఈటన్ పాఠశాల, ఆక్స్‌ఫర్డులో న్యూ కాలేజీ. చదివింది గణితమూ, గ్రీకు లాటిన్ సాహిత్యాలూ. 1914లో మొదటి తరగతిలో ప్యాసయ్యాడు. విచిత్రమేమంటే ఈయనకు సైన్సులో డిగ్రీ అంటూ లేదు! జన్యుశాస్త్రం నేర్చుకున్నది చెల్లెలు నయోమీతో కలిసి ఇంట్లో గినీపందుల్ని పెంచి. ఎలుకల మీద వాళ్ళు చేసిన పని 1915లో వ్యాసంగా వచ్చేనాటికి హాల్డేన్ యుద్ధరంగంలో వున్నాడు. ఆ వ్యాసంలో భాగస్వామి అయిన స్ప్రంట్ అప్పటికే యుద్ధానికి బలైపోయాడు. మెసపొటేమియాలో గాయపడిన హాల్డేన్‌ను కోలుకోవడానికి ఇండియా పంపారు. దేశం నచ్చింది గాని, పాలకజాతి వాడిగా బతకడం నచ్చలేదు. ఇక్కడివాళ్ళతో సమానంగా కూర్చోగలిగిన రోజునే మళ్ళీ వస్తాననుకున్నాడు. ఆ రోజు రావడానికి నలభై ఏళ్ళు పట్టింది.

1923లో కేంబ్రిడ్జిలో జీవరసాయనశాస్త్రం రీడరుగా చేరాడు. మధ్యలో ఒక విడాకుల కేసులో ఇరుక్కుని ఉద్యోగం పోగొట్టుకుని, అప్పీలు చేసి తిరిగి తెచ్చుకున్నాడు. ఆ గొడవ మనకెందుకు గాని, ఆయన అసలు కృషి 1924లో మొదలైంది. ప్రకృతివరణం నిజమా కాదా అని అందరూ మాటలతో వాదించుకుంటుంటే, ఎంత వేగంగా జరుగుతుందో లెక్క కడదామన్నాడు. ఉదాహరణకు ఇంగ్లండులో చెట్ల బెరడు మీద వాలే ఒక రకం బూడిదరంగు రాత్రి చిమ్మట వుంది. మాంచెస్టరు దగ్గర 1848లో మొదటిసారి ఒక నల్లది కనబడింది. ఫ్యాక్టరీల పొగతో చెట్లు మసిబారాక, యాభై ఏళ్ళు తిరిగేసరికి అక్కడ దాదాపు అన్నీ నల్లవే. ఇంత త్వరగా మారాలంటే నల్లవాటికి బూడిదవాటి కంటే సగానికి సగం ఎక్కువ సంతానం మిగలాలని హాల్డేన్ తేల్చాడు. ఎవరూ నమ్మలేదు. ప్రకృతివరణం అంత గట్టిగా పనిచేస్తుందా అన్నారు. పక్షులు మసిచెట్ల మీద తెల్లవాటిని ఏరి తింటున్నాయని 1950ల్లో కెటిల్‌వెల్ అడవుల్లో చూసి చెప్పాక గాని నోళ్ళు మూతపడలేదు.

ఇలాంటిదే మలేరియా లెక్క. మధ్యధరా సముద్రతీరంలో థలసీమియా అనే రక్తజబ్బు వుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడ్డ జన్యువు వస్తే బిడ్డ బతకడం కష్టం. మరి ఇంత చెడ్డ జన్యువు ఎప్పుడో అంతరించిపోవాలి గదా, ఎందుకు పోలేదు? ఒక్కరి నుంచే వస్తే ఆ మనిషి మలేరియాను తట్టుకుంటాడేమోనని 1949లో హాల్డేన్ ఊహించాడు. తర్వాత సార్డీనియా ద్వీపంలో చూస్తే మలేరియా వున్న పల్లపు ఊళ్ళల్లో ఆ జన్యువు ఎక్కువ, మలేరియా లేని కొండ ఊళ్ళల్లో తక్కువ అని తేలింది. కొడవలికణ జబ్బు విషయంలో 1954లో ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో ఇదే రుజువు చేశాడు. మన ఏజెన్సీ గిరిజనుల్లోనూ కొడవలికణాలు కనిపిస్తాయి. కాబట్టి ఇదేదో పరాయి కథ అనుకోవద్దు.

1933 నుంచి లండను యూనివర్సిటీ కాలేజీలో ప్రొఫెసరు. 1939లో థీటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోతే, కారణం తెలుసుకోవడానికి హాల్డేన్ తనే ఇనుప గదిలో కూర్చుని విషవాయువు పీల్చాడు. ఇలాంటి ప్రయోగాల్లో ఒకసారి మూర్ఛలొచ్చి వెన్నుపూస విరిగింది. కమ్యూనిస్టు పార్టీలో చేరి, వాళ్ళ పత్రికలో కూలీలకు అర్థమయ్యేలా వందలాది సైన్సు వ్యాసాలు రాశాడు. అవి చాలా గొప్పవి. కాని రష్యాలో లైసెంకో జన్యుశాస్త్రాన్నే నాశనం చేస్తున్నప్పుడు, తనను 1928లో అక్కడికి ఆహ్వానించిన వావిలోవ్ 1943లో జైల్లో ప్రాణం విడిచినా, హాల్డేన్ గట్టిగా ఖండించడానికి ఏళ్ళ తరబడి తటపటాయించాడు. ఎంత అభిమానమున్నా ఈ విషయంలో ఆయన్ని సమర్థించడం కష్టం. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యాడు.

1956లో బ్రిటను సూయజు మీద దండెత్తింది. అదే ఏడు ఆయన భార్య హెలెన్ స్పర్వే పోలీసు కుక్క తోక తొక్కిన కేసులో జరిమానా కట్టనని మొండికేసి జైలుకెళ్ళింది. భార్యాభర్తలిద్దరికీ ఆ దేశం మీద మనసు విరిగిపోయింది. మహలనోబిస్ పిలవగా 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు. హాల్డేన్ పంచె, జుబ్బా వేశాడు, మాంసం మానేశాడు, తర్వాత భారత పౌరసత్వం తీసుకున్నాడు. మేజోళ్ళు తొడుక్కునే బాధ తప్పిందని కూడా సంతోషించేవాడట.

వచ్చి ఏం చేశాడు? ఇక్కడ మనం కాస్త ఆగి చూడాలి. పెద్ద లాబొరేటరీ కట్టించమని అడగలేదు. ఈ దేశంలో చెట్టూ పిట్టా పుష్కలం, లెక్కపెట్టగల మనుషులూ పుష్కలం, చంపకుండా, కొయ్యకుండా చూసి నేర్చుకునేది బోలెడంత వుందన్నాడు. సుబోధ్ కుమార్ రాయ్ రోజూ పారిజాతం కింద రాలిన పూలు ఏరి రేకులు లెక్కపెట్టాడు. ఒకే చెట్టు పూలలో రేకుల సంఖ్య ఎలా మారుతోందో రోజువారీగా రాసి, ఒక జీవి తన రూపాన్ని ఎంత కచ్చితంగా అదుపులో పెట్టుకుంటుందన్న ప్రశ్నకు దాన్నే సాధనం చేసుకున్నాడు. ఖర్చు? ఒక నోటుబుక్కు. అదే రాయ్ రెండు రకాల వరిని కలిపి నాటి, కొన్ని జతల్లో విడివిడిగా వేసినప్పటికన్నా దిగుబడి పెరుగుతుందని చూపాడు. కలకడ, మదనపల్లె వైపు చెనిక్కాయ చేలో కంది సాళ్ళు, అనుము సాళ్ళు వేసే రైతుకు ఇది వింతగా తోచదు. వింతల్లా ఏమంటే, దాన్ని తూచి, లెక్కగట్టి, పత్రికలో అచ్చు వేయించాలని మనవాళ్ళకు తోచకపోవడం. డేవిస్ అనే ఆయన కొబ్బరిచెట్ల ఆకులు ఎడమకు తిరుగుతాయా కుడికి తిరుగుతాయా అని వేల చెట్లు చూశాడు. ఆ తిరుగుడు వారసత్వంగా రాదని, ఎడమ తిరుగుడు చెట్లకు కాపు కాస్త ఎక్కువని తేల్చాడు.

సురేశ్ జయకర్, హెలెన్ కలిసి పసుపుముక్కు తీతువు గూడు దగ్గర కాపు కాశారు. గూడంటే గూడూ కాదు, ఎండలో మాడే రాళ్ళ నేల మీద చిన్న గుంట. మండువేసవిలో ఆ పిట్ట నీళ్ళలో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తుందని వాళ్ళు రాసిపెట్టారు. మన బీళ్ళల్లో తీతువు కూస్తే అపశకునమని రాయి విసురుతాం!

మన తెలుగువాడు కూడా ఆ బృందంలో వున్నాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ. తలంబ్రాల చెట్టని మనం పిలిచే లాంటానా పొదల్లో గులాబీరంగు పూలవీ, నారింజరంగు పూలవీ పక్కపక్కనే వుంటాయి. ఏ సీతాకోకచిలుక ఏ రంగు మీద వాలుతోందో కూర్చుని లెక్కపెట్టాడు. కొన్ని జాతులు ఒక రంగునే అంటిపెట్టుకుంటున్నాయి. అంటే ఒక రంగు పూల పుప్పొడి రెండో రంగుకు చేరడం తగ్గుతుంది. ఒకే చోట వుంటూనే ఒక జాతి రెండుగా చీలడానికి ఇదొక మెట్టు కావచ్చు. ఈ పరిశీలన 1960లో నేచర్ పత్రికలో అచ్చయింది. ద్రోణంరాజు మగవాళ్ళ చెవుల మీద వెంట్రుకలు ఆంధ్రదేశపు కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుకుకే వస్తున్నాయని, అది వై క్రోమోజోము గుణమని కూడా వాదించాడు. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఆ మాట 2004లో చేసిన అణుస్థాయి పరీక్షల్లో నిలవలేదు. సైన్సన్నాక అదీ వుంటుంది.

ఇంకొకటి మన ఇళ్ళల్లోని సంగతి, మేనరికం. మా కలకడ వైపు అక్క కూతుర్ని చేసుకోవడం, మేనమామ కూతుర్ని చేసుకోవడం ఎంత మామూలో వేరే చెప్పక్కర్లేదు. మేనమామకు మేనకోడలిని ఇస్తే పుట్టే బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. బావామరదళ్ళయితే పదహారింట ఒకటి. దాగివున్న చెడ్డ జన్యువు బయటపడేది ఇలాంటప్పుడే. యూరపులో మేనమామ సంబంధాలు అరుదు కాబట్టి ఇది అక్కడ కూర్చుని తేల్చే సమస్య కాదు. ద్రోణంరాజు, మీరాఖాన్ 1960 తర్వాతి ఏళ్ళల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ని పెళ్ళిళ్ళు ఇలాంటివో, పిల్లల ఆరోగ్యం ఎలా వుందో వివరాలు సేకరించి ప్రచురించారు. మన అమ్మమ్మలను అడిగి వంశవృక్షం రాసుకోవడం కూడా పరిశోధనేనని ఆ రోజుల్లో ఎందరికి తెలుసు?

కలకత్తాలో హాల్డేన్ ఎక్కువ కాలం ఇమడలేదు. కోపిష్ఠి మనిషి. సంస్థ పెద్దలతో తగాదాపడి 1961లో బయటికొచ్చాడు. 1962లో ఒరిస్సా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పిలుపు మీద భువనేశ్వరం వెళ్ళి జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టాడు. రెండేళ్ళు తిరక్కుండానే పెద్దపేగు చివర క్యాన్సరు. లండనులో ఆపరేషను చేయించుకుని, ఆసుపత్రి మంచం మీద తన జబ్బు మీదే హాస్యంగా ఒక పద్యం రాసి అచ్చు వేయించాడు. రోగం దాచుకోకుండా ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళండని జనానికి చెప్పడం అందులోని ఉద్దేశం. తను చనిపోయాక టెలివిజన్‌లో చూపడానికి తన సంతాప ప్రసంగాన్ని తానే చేసి పెట్టాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో కన్నుమూశాడు.

బతికినన్నాళ్ళూ ప్రయోగాలకు వాడుకున్న శరీరాన్ని పోయాక కూడా అందుకే వాడాలని వీలునామా రాశాడు. ఆ ప్రకారం దాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి అప్పగించారు. 1958లో పెట్టిన ఆ కాలేజీకి అప్పటికి నిండా ఏడేళ్ళు లేవు. హెలెన్ మాత్రం ఇంగ్లండుకు తిరిగిపోలేదు. చివరి ఏళ్ళు హైదరాబాదులో గడిపి, 1978లో అక్కడే చనిపోయింది.