పాట కోసం పోరాడిన హిల్డెగార్డ్

జర్మనీలో 1098లో పుట్టిన హిల్డెగార్డ్‌ను తల్లిదండ్రులు చిన్నతనంలోనే మఠానికి అప్పగించారు. పెద్దయ్యాక సన్యాసినులు ఆమెనే తమ పెద్దగా ఎన్నుకున్నారు. బింగెన్ దగ్గర రైన్ నది ఒడ్డున ఆమె కొత్త మఠం కట్టించారు. వైద్య గ్రంథాలు రాశారు. డెబ్బైకి పైగా పాటలకు బాణీలు కట్టారు. 23 అక్షరాల కొత్త లిపినీ సృష్టించారు.

1178లో మఠం శ్మశానంలో ఒకరిని ఖననం చేశారు. అతడు వెలివేసిన వాడని, శవాన్ని తవ్వి తీయాలని మైంజ్ చర్చి పెద్దలు ఆదేశించారు. అతడికి చనిపోయే ముందే క్షమాపణ దొరికిందంటూ ఆమె ఒప్పుకోలేదు. శిక్షగా మఠంలో పాట ఆపించారు. ఎనభై ఏళ్ల వయసులో ఆమె ఉత్తరాలతో పోరాడారు. 1179లో నిషేధం తొలగింది. మఠంలో మళ్లీ పాట వినిపించింది. ఆ ఏడాదే సెప్టెంబరు 17న ఆమె కన్నుమూశారు. ఆమె పాటలు నేటికీ పాడుతున్నారు.