ఎస్.ఆర్.రంగనాథన్

షియాలి రామామృత రంగనాథన్ (1892 ఆగష్టు 12 - 1972 సెప్టెంబరు 27) భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన గణితాచార్యుడు, మద్రాసు విశ్వవిద్యాలయపు తొలి గ్రంథపాలకుడు. గ్రంథాలయ పంచసూత్రాలు, కోలన్ వర్గీకరణ (ద్విబిందు వర్గీకరణ) ఈయనకు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చిపెట్టాయి. ఈ రెండింటి వెలుగులో అంతగా కనబడని కృషి మరొకటి ఉంది. గ్రంథాలయంలో పనిచేసేవారు పుస్తకాలకు కాపలాదారులు కారనీ, వారికి శిక్షణ, అర్హత, తగిన జీతం, అధ్యాపకులతో సమానమైన హోదా ఉండాలనీ ఈయన దాదాపు ఐదు దశాబ్దాల పాటు పట్టుబట్టాడు. ఈయన జన్మదినమైన ఆగష్టు 12ను భారతదేశంలో జాతీయ గ్రంథపాలకుల దినోత్సవంగా జరుపుకుంటారు. పుట్టిన తేదీ ఆగష్టు 9 అని కూడా ఒక లెక్క ఉంది.

బాల్యము, విద్య

రంగనాథన్ అప్పటి తంజావూరు జిల్లాలోని షియాలి (శీర్కాళి) గ్రామంలో జన్మించాడు. ఈ ఊరు ఇప్పుడు తమిళనాడులోని మయిలాడుతురై జిల్లాలో ఉంది. తండ్రి రామామృత అయ్యరు, తల్లి సీతాలక్ష్మి. ఆరేళ్ళ వయసులో తండ్రి మరణించగా తాతగారి సంరక్షణలో పెరిగాడు. చిన్ననాటి నుండి నత్తి ఉండేది. మాటే ఆధారమైన అధ్యాపక వృత్తిలో ప్రవేశించడానికి ఈయన ఆ లోపంతో చాలాకాలం పోరాడవలసి వచ్చింది.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1913లో బి.ఏ., 1916లో గణితశాస్త్రంలో ఎం.ఏ. పట్టాలు పొందాడు. గణితాచార్యుడు ఎడ్వర్డ్ రాస్ ఈయనను ఎంతగానో ప్రభావితం చేసాడు. సైదాపేట ఉపాధ్యాయ కళాశాలలో శిక్షణ ముగించుకొని 1917 నుండి మంగుళూరు, కోయంబత్తూరు ప్రభుత్వ కళాశాలలలోను, ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను గణితం బోధించాడు.

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో

మద్రాసు విశ్వవిద్యాలయం తన గ్రంథాలయాన్ని చక్కదిద్దడానికి 1923లో గ్రంథపాలకుని పదవిని సృష్టించింది. సుమారు 900 దరఖాస్తులు వచ్చాయి. అయితే దరఖాస్తుదారులలో ఒక్కరికి కూడా గ్రంథాలయ నిర్వహణలో శిక్షణ లేదు. పరిశోధనానుభవం ఉన్నవారు కావాలని ఎంపిక సంఘం కోరుకోవడంతో, గణితంలో కొన్ని పత్రాలు ప్రచురించిన రంగనాథన్ ఎంపికయ్యాడు. గ్రంథాలయాల గురించి అప్పటికి ఈయనకు తెలిసినదంతా ఇంటర్వ్యూకు కొద్ది రోజుల ముందు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో చదివిన వ్యాసమే. శిక్షణ ఎందుకు కావాలో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకదు. దేశంలోని పెద్ద విశ్వవిద్యాలయాలలో ఒకటైన దానికి గ్రంథపాలకుడు కావడానికి అప్పట్లో ఆ మాత్రం తెలిస్తే చాలునన్నమాట.

1924 జనవరిలో పదవిలో చేరాడు. తరగతి గదిలో విద్యార్థుల మధ్య గడిపిన మనిషికి పాఠకులు పెద్దగా రాని ఆ గ్రంథాలయంలో ఊపిరాడలేదు. కొద్ది రోజులకే తనను మళ్ళీ గణితానికి పంపమని అధికారులను బతిమాలాడు. చివరకు ఒక ఒప్పందం కుదిరింది. ఇంగ్లాండు వెళ్ళి అక్కడి గ్రంథాలయాల పద్ధతులు చదివి రావాలి. అప్పటికీ మనసు మారకపోతే అధ్యాపకునిగా తిరిగి వెళ్ళవచ్చు.

లండను యూనివర్సిటీ కళాశాలలోని గ్రంథాలయ విద్యాలయంలో ఈయనకు మార్కులు గొప్పగా రాలేదు. కాని అక్కడ వర్గీకరణ బోధించే బెర్విక్ సేయర్స్ ఈయనలోని ఆసక్తిని గుర్తించాడు. సేయర్స్ క్రాయిడన్ పురపాలక గ్రంథాలయానికి అధిపతి కూడా. రంగనాథన్ ఆ గ్రంథాలయంలో పని నేర్చుకొని, ఆ తరువాత దేశంలోని వందకు పైగా గ్రంథాలయాలను చూసాడు. అక్కడ అన్ని వర్గాల ప్రజలూ గ్రంథాలయాలను వాడుకోవడం, సిబ్బంది వారికి దగ్గరుండి సహాయం చేయడం ఈయనను ఆకట్టుకున్నాయి. ఒక్కొక్క గ్రంథాలయం ఒక్కొక్క విధంగా నడవడం, వాటన్నిటి వెనుక ఒక శాస్త్రమంటూ లేకపోవడం మాత్రం గణితం చదివిన ఈయనకు వెలితిగా తోచింది. లండనులోని ఒక దుకాణంలో మెకానో అనే ఆటవస్తువును చూసి, కొద్దిపాటి ముక్కలను రకరకాలుగా కలిపితే ఎన్నో రూపాలు వస్తాయని గ్రహించాడు. పుస్తక విషయాలను కూడా అలాగే అంశాలుగా విడదీసి, కోలన్ గుర్తుతో కలిపి సంఖ్యలు ఇవ్వవచ్చుననే కోలన్ వర్గీకరణ ఆలోచన అక్కడే మొలకెత్తింది. 1925లో మద్రాసుకు తిరిగి వచ్చాక అధ్యాపకునిగా వెళ్ళే ప్రసక్తి మళ్ళీ రాలేదు.

అప్పటి నుండి 20 ఏళ్ళ పాటు ఆ గ్రంథాలయమే ఈయన ప్రయోగశాల. పాఠకుడే అలమరల వద్దకు వెళ్ళి పుస్తకం ఎంచుకొనే పద్ధతిని ప్రవేశపెట్టాడు. గ్రంథాలయం తెరచి ఉంచే వేళలను పెంచాడు. వచ్చిన పాఠకుని అవసరం కనుక్కొని తగిన గ్రంథాన్ని చూపే రిఫరెన్సు సేవకు ప్రత్యేకంగా సిబ్బందిని కేటాయించాడు. 1936లో గ్రంథాలయం చేపాక్‌లోని సొంత భవనంలోకి మారింది. ఈయన రోజుకు 13 గంటలు, వారానికి ఏడు రోజులు, సెలవు లేకుండా పనిచేసేవాడని ప్రతీతి. మొదటి భార్య రుక్మిణి 1928లో మరణించింది. 1929లో శారదను వివాహమాడిన నాడు కూడా మధ్యాహ్నానికి గ్రంథాలయానికి వచ్చాడని చెబుతారు.

పంచసూత్రాలలో సిబ్బంది స్థానం

1928లో రూపుదిద్దుకున్న పంచసూత్రాలను మద్రాసు గ్రంథాలయ సంఘం 1931లో గ్రంథంగా ప్రచురించింది. పుస్తకాలు దాచడానికి కాక వాడుకకు ఉద్దేశించినవని మొదటి సూత్రపు సారాంశం. పాఠకునికి తన పుస్తకం దొరకడం రెండవది, పుస్తకానికి తన పాఠకుడు దొరకడం మూడవది. నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయడం గురించి, ఐదవది గ్రంథాలయానికి ప్రాణిలాగా ఎదిగే స్వభావం ఉండడం గురించి చెబుతాయి. పరీక్షలకు చదివే విద్యార్థులు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. నిజానికి మొదటి సూత్రాన్ని వివరించే భాగంలోనే గ్రంథాలయం ఉండవలసిన చోటు, వేళలు, కుర్చీలు, బల్లలతో పాటు సిబ్బంది గురించి విస్తారమైన చర్చ ఉంది. పుస్తకాన్ని కాపాడడమే లక్ష్యమైనప్పుడు నమ్మకమైన కాపలాదారు సరిపోతాడు. పుస్తకం వాడుకలోకి రావాలంటే చదువు, వృత్తి శిక్షణ, పాఠకునితో మెలిగే నేర్పు కల మనిషి కావాలి. అటువంటి మనిషి ఆ ఉద్యోగంలో నిలవాలంటే తగిన జీతం, గౌరవం ఇవ్వాలి. జీతం గురించి ఒక సిద్ధాంత గ్రంథంలో ఇంత మొహమాటం లేకుండా చర్చించడం ఆ రోజుల్లో కొత్తే.

శిక్షణ తరగతులు

భారతదేశంలో గ్రంథాలయ శిక్షణ రంగనాథన్‌తోనే మొదలు కాలేదు. 1911లో బరోడా సంస్థానంలో విలియం బోర్డెన్, 1915లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో ఆసా డాన్ డికిన్సన్ అనే అమెరికనులు తరగతులు నడిపారు. రంగనాథన్ 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘం తరపున వేసవి పాఠశాలగా ప్రారంభించిన శిక్షణను 1931లో విశ్వవిద్యాలయమే స్వీకరించింది. 1937లో అది పట్టభద్రులకు ఏడాది డిప్లొమాగా మారింది. పాఠాలకు కావలసిన పుస్తకాలు లేకపోతే ఈయనే రాసాడు. కోలన్ వర్గీకరణ (1933), వర్గీకృత సూచీ నియమావళి (1934), గ్రంథాలయ నిర్వహణ (1935), వర్గీకరణ సిద్ధాంత పీఠిక (1937) వరుసగా వెలువడ్డాయి. రిఫరెన్సు సేవపై వచ్చిన గ్రంథానికి తన సిబ్బందిలోని సి.సుందరం, కె.ఎం.శివరామన్‌లను సహరచయితలుగా చేర్చుకున్నాడు. కింది ఉద్యోగుల పనిని పైవారి ఖాతాలో వేసుకోవడం మామూలైన కార్యాలయ వ్యవస్థలో ఇది గుర్తించదగిన విషయం.

కాశీ, ఢిల్లీ

విశ్వవిద్యాలయ అధికారులతో పొసగక రంగనాథన్ మద్రాసు ఉద్యోగాన్ని వదులుకున్నాడు. రెండు దశాబ్దాలు పెంచిన సంస్థను అలా విడిచి రావడం ఈయనను బాగా కుంగదీసింది. అప్పుడు కాశీ హిందూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆహ్వానంపై 1945లో అక్కడికి వెళ్ళాడు. తగినంత సిబ్బంది లేక అక్కడ దాదాపు లక్ష పుస్తకాలను స్వయంగా వర్గీకరించాడని అంటారు. సిబ్బంది సంఖ్యకు లెక్క ఉండాలన్న ఈయన పట్టుదల వెనుక ఈ అనుభవం కూడా ఉండవచ్చు.

1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి మారాడు. ఉపాధ్యక్షుడు మారిస్ గ్వయర్ అండతో అక్కడ గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా మొదలుకొని పిహెచ్.డి. వరకు చదువుకొనే ఏర్పాటు జరిగింది. 1944 నుండి 1953 వరకు భారత గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడుగా ఉండి, అబ్గిలా అనే పత్రికను నడిపించాడు. అందులో పరిశోధన వ్యాసాలకు, సంఘ వార్తలకు, హిందీ రచనలకు విడివిడి భాగాలుండేవి. దూరదూరాల కళాశాలల్లో ఒంటరిగా పనిచేసే గ్రంథపాలకునికి తన వృత్తిలో జరిగేది తెలియడానికి అటువంటి పత్రిక తప్ప వేరే దారి ఉండేది కాదు. 1952లో జాతీయ వైజ్ఞానిక ప్రలేఖన కేంద్రం (ఇన్స్‌డాక్) స్థాపనలోనూ ఈయనకు పాత్ర ఉంది.

సిబ్బంది సూత్రం, జీతాల సిఫారసు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 1957లో రంగనాథన్ అధ్యక్షతన గ్రంథాలయ సంఘాన్ని నియమించింది. 1959లో సిద్ధమైన నివేదిక 1965లో అచ్చయింది. గ్రంథాలయానికి ఎంతమంది కావాలన్నది అధికారి దయ మీద కాక పని పరిమాణం మీద ఆధారపడాలని ఈయన వాదన. ఈయన సిబ్బంది సూత్రం ప్రకారం ఏడాదికి కొత్తగా చేరే ప్రతి 6,000 సంపుటాలకు పుస్తక విభాగంలో ఒకరు, వర్గీకరణ, సూచీకరణలకు ప్రతి 2,000 సంపుటాలకు ఒకరు, ప్రతి 500 పత్రికలకు ఒకరు, రోజుకు వచ్చే ప్రతి 50 మంది పాఠకులకు రిఫరెన్సు సేవలో ఒకరు ఉండాలి. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకొనే చోట 1,500 గేటు గంటలకు ఒకరు కావాలి. గేటు గంట అంటే ఒక కౌంటరు ఒక గంట తెరచి ఉండడం. ఒకే కౌంటరు రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తెరచి ఉంటే 3,600 గంటలవుతాయి. అంటే ఆ ఒక్క కౌంటరుకే ఇద్దరు చాలరు. వేళలు పెంచమని ఉత్తర్వు వేసి మనుషులను పెంచని చోట ఈ లెక్క ఇప్పటికీ పనికివస్తుంది.

జీతాల విషయంలో గ్రంథపాలకునికి ప్రొఫెసరుతో, ఉప గ్రంథపాలకునికి రీడరుతో, సహాయ గ్రంథపాలకునికి లెక్చరరుతో సమానమైన హోదా ఉండాలని సంఘం సిఫారసు చేసింది. అన్ని విశ్వవిద్యాలయాలూ దీనిని ఒకేసారి అమలు చేయలేదు. అయినా తరువాతి కాలంలో జీతాల సవరణ కోసం గ్రంథాలయ సిబ్బంది చేసిన వినతులకు ఈ నివేదికే ఆధారమైంది.

తెలుగునాట

రంగనాథన్ గ్రంథపాలకుడయ్యేసరికే ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం బలంగా ఉంది. అయ్యంకి వెంకట రమణయ్య ప్రభృతుల కృషితో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అది స్వచ్ఛంద సేవకుల ఉద్యమం కాగా, రంగనాథన్ పని విశ్వవిద్యాలయం నుండి మొదలయింది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడే వరకు కోస్తా, రాయలసీమ జిల్లాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందనే ఉండేవి. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కూడా గ్రంథాలయ శాస్త్ర డిప్లొమా ప్రారంభించింది. అప్పుడు అక్కడి ఉపాధ్యక్షుడు కూడా రాధాకృష్ణనే.

1930లోనే ఆదర్శ గ్రంథాలయ చట్టం ముసాయిదాను రూపొందించిన రంగనాథన్ కృషి 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టంగా ఫలించింది. దేశంలో ఒక రాష్ట్రం చేసిన తొలి గ్రంథాలయ చట్టం ఇదే. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలలో గ్రంథాలయ పన్నుకు, జిల్లా గ్రంథాలయ సంస్థలకు మూలం ఈ చట్టం. తెలంగాణ ప్రాంతానికి 1955లో హైదరాబాదు చట్టం వచ్చింది. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్ర ప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం అమలులోకి వచ్చింది.

చివరి దశ

1955 నుండి 1957 వరకు జ్యూరిచ్‌లో గడిపి వచ్చి బెంగుళూరులో స్థిరపడ్డాడు. తాను కూడబెట్టిన దానిలో నుండి లక్ష రూపాయలను మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చి, భార్య శారద పేరిట గ్రంథాలయ శాస్త్రంలో ఆచార్య పీఠం ఏర్పాటు చేయించాడు. అధికారులతో పొసగక వదిలి వచ్చిన విశ్వవిద్యాలయమే అది. 1962లో భారత గణాంక సంస్థ ఆధ్వర్యంలో బెంగుళూరులో ప్రలేఖన పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని (డి.ఆర్.టి.సి.) నెలకొల్పాడు. ఎ.నీలమేఘన్ మొదలైనవారు ఈయనతో కలిసి పనిచేసారు. అప్పటికే ఉద్యోగాలలో ఉన్నవారు కొత్త పద్ధతులు నేర్చుకోవడానికి ఈ కేంద్రం వార్షిక సదస్సులు, పునశ్చరణ సదస్సులు నిర్వహించేది.

1935లో రావు సాహెబ్ బిరుదు, 1948లో ఢిల్లీ, 1964లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయాల నుండి గౌరవ డాక్టరేట్లు, 1957లో పద్మశ్రీ, 1970లో అమెరికా గ్రంథాలయ సంఘం వారి మార్గరెట్ మాన్ పురస్కారం లభించాయి. 1965లో భారత ప్రభుత్వం ఈయనను గ్రంథాలయ శాస్త్రంలో జాతీయ పరిశోధనాచార్యునిగా నియమించింది. 1972 సెప్టెంబరు 27న బెంగుళూరులో మరణించాడు. 1961లో అక్కడే ఈయన స్థాపించిన శారదా రంగనాథన్ నిధి తరువాతి కాలంలో గ్రంథాలయ శాస్త్ర ఉపన్యాసాలను ఏర్పాటు చేస్తూ, ఈయన గ్రంథాలను పునర్ముద్రిస్తూ వచ్చింది.