జపాన్ చూసొచ్చారు.. బ్యాంకు పెట్టించారు!

శ్రీకూర్మంలో బస్సెక్కి శ్రీకాకుళంలో బ్యాంకు కోచింగ్‌కి వెళ్తున్నారా? గ్రూప్స్ కోసం ఎకానమీ పుస్తకం ముందేసుకున్నారా? అయితే మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు మీకు తగిలే ఉంటుంది. భారత్‌కు ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ కావాలంటూ 1934లో పుస్తకం రాశారని ఒక బిట్ బట్టీపట్టి పేజీ తిప్పేస్తాం. ఆ బిట్ వెనకున్న మనిషిని ఈసారి కాస్త ఆగి చూడండి.

ఆయన పూర్వీకులది ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం. పుట్టింది మాత్రం మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్లిలో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ 1881లో బీఏ పూర్తిచేశారు. పుణెలో ఇంజినీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజినీర్ అయ్యారు. సర్కారు కొలువు! మన లెక్కలో సెటిలైపోయినట్టే.

ఆయన లెక్క వేరు. 1898లో జపాన్ వెళ్లారు. అదీ ఆసియా దేశమే, మొన్నమొన్నటిదాకా సాగునే నమ్ముకున్న దేశమే. మరి అంత వేగంగా ఎలా ఎదుగుతోంది? చదువు, పరిశ్రమ, పెట్టుబడి.. ఈ మూడూ కలిసి నడవాలని ఆయనకు అర్థమైంది.

పై పదవులు ఆంగ్లేయులకే దక్కే రోజులవి. 1908లో ఆ కొలువు వదిలేశారు. మూసీ వరద ముంచేసిన హైదరాబాద్‌కు వచ్చి, రక్షణ పథకం సిద్ధం చేశారు. 1912లో మైసూరు దివాన్ అయ్యాక జపాన్ పాఠాన్ని పనిలో పెట్టారు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. ఆ బ్యాంకే తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్‌గా మారి, 2017లో ఎస్‌బీఐలో కలిసింది. అంటే మీరు రేపు రాయబోయే పరీక్ష వెనక ఆయన చెయ్యీ ఉందన్నమాట!

ఆయన ప్రతి నిర్ణయాన్నీ మెచ్చుకోవాలని లేదు. వెనకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో ప్రాధాన్యమిచ్చే ఆలోచనతో విభేదించి, 1918లో దివాన్ పదవి వదులుకున్నారు. ఆ విషయంలో కాలం ఆయన పక్షాన నిలవలేదు.

పదవి పోయినా అధ్యయనం ఆపలేదు. మళ్లీ విదేశాలు తిరిగారు. ఇతర దేశాల అంకెల పక్కన మన అంకెలు పెట్టి చూశారు. సాగు మీదే ఇంతమంది బతకడం కుదరదని, జనాన్ని పరిశ్రమల వైపు మళ్లించి పదేళ్లలో దేశ ఆదాయాన్ని రెట్టింపు చేయాలని 1934లో లెక్కకట్టారు. మన తొలి పంచవర్ష ప్రణాళిక మొదలైంది 1951లో! 1955లో ఆయనకు భారతరత్న దక్కింది. 1962లో, వందేళ్లు దాటాక కన్నుమూశారు.

మీరూ ఆ పద్ధతి పట్టుకోండి. పలాస జీడిపప్పు మన జిల్లాదే. ఎగుమతుల్లో మాత్రం ప్రపంచంలో ముందున్నది వియత్నాం. ఎందుకు? ముడి గింజలు ఎక్కడివి, యంత్రాలెన్ని, అప్పు ఎంత వడ్డీకి దొరుకుతోంది? రెండు కాలమ్‌లు గీసి నింపడం మొదలుపెట్టండి. ఇంటర్వ్యూలో మీ జిల్లా గురించి అడిగితే, గైడు పుస్తకంలో లేని జవాబు మీ దగ్గరుంటుంది.